తమ్ముడి వయసు

మల్లేశు పోయిన రోజు వంశధార నిండుగా పారుతోంది. గుణుపూర్ ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. జ్వరంతో కాలిపోతున్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని సన్యాసయ్య రేవు దాకా మోసుకొచ్చాడు. రేవులో పడవ లేదు. ఈతచెట్టు నీడన తుండుగుడ్డ పరిచి తమ్ముణ్ణి పడుకోబెట్టి, "నువ్విక్కడే ఉండరా, నాను పడవోణ్ణి కేకేసుకొత్తాను" అని ఏటి గట్టు వెంట పరిగెత్తాడు. పడవ దొరికింది. పడవవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి మల్లేశు కళ్ళు నది వంకే తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

అప్పటికి అతనికి పదహారేళ్ళు. ఎడమచేతి వాటం. ఆ ఇంట్లో ఏడో తరగతి పాసైనవాడు అతనొక్కడే.

ఈ సంగతి సన్యాసయ్య కూతురు హేమమాలిని చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. చూడని ఆ చిన్నాన్న ఇంట్లో ఒక మనిషిలాగే ఉండేవాడు. అందుకు కారణం ఆమె తండ్రి ఉద్యోగం.

మల్లేశు పోయిన కొన్నేళ్ళకు రాయగడ మునిసిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పేవాళ్ళు కావాలన్నారు. ఏడో తరగతి ఉండాలన్నారు. సన్యాసయ్య బడి గుమ్మం తొక్కలేదు. మునిసిపాలిటీలో పనిచేసే మేనమామ జగ్గారావు ఇంటికి వచ్చి, "సర్టిఫికెట్టు పెట్లో ఉంది గదేటి? పోయినోడికి దాంతోటి ఏటి పని?" అన్నాడు. అలా సన్యాసయ్య తమ్ముడి పేరుతో, తమ్ముడి పుట్టిన తేదీతో ఉద్యోగంలో చేరాడు. ఖాకీ చొక్కా తొడిగి వాల్వులు తిప్పే ఇనప తాళంచెవి పట్టుకుని వీధి వీధికీ నీళ్ళు వదిలినంతసేపూ మల్లేశు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే సన్యాసయ్య. అలా చేసినవాళ్ళు ఆ రోజుల్లో ఆ వీధిలో ఇంకా ఉన్నారు. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

అతని భార్య పాపాయమ్మ కుళాయి దగ్గర నవ్వుతూ చెప్పేది: "నాకు ఇద్దరు మొగుళ్ళే. ఒకడు జీతం తెత్తాడు, ఒకడు తిని తొంగుంటాడు."

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆఫీసు జవాను గుమ్మంలో నిలబడి, "మల్లేశు ఉన్నాడా?" అని కేకేశాడట. పెరట్లో అంట్లు తోముతున్న ఆ తల్లి బూడిద చేతులతో అలాగే వీధిలోకి పరిగెత్తుకొచ్చి, జవానును చూడకుండా, అతని వెనక రోడ్డు పొడవునా చూసిందట. ఆ ఏడు పెద్దల అమావాస్యకు సన్యాసయ్య తమ్ముడికి ఆకు వేయబోతే ఆమే ఆపింది. "బతికున్న పేరుకి ముద్దెడతారేట్రా? నువ్వు తినే కూడు ఆడి పేరు మీద వత్తంది." అప్పటి నుంచి పోయినవాళ్ళందరికీ ఆకులు పడ్డాయి, మల్లేశుకు పడలేదు. తర్వాత కొన్నాళ్ళకు ఆమె కూడా పోయింది. ఆమెకు ఆకు వేశారు.

*

హేమమాలిని ఉండేది కొరాపుట్ దగ్గరి సునాబెడలో. భర్త ప్రసాద్ అక్కడ కాంట్రాక్టు కింద ఫిట్టరు పని చేస్తాడు, ఆమె ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. తండ్రికి ఆయాసం ఎక్కువైందని తల్లి ఫోన్ చేస్తే, రాయగడ వచ్చి ఆయన్ను తనతో కొరాపుట్ తీసుకెళ్ళింది. అక్కడి పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండెలో ఒక వాల్వు గట్టిపడి సరిగ్గా తెరుచుకోవడం లేదనీ, మార్చాలనీ చెప్పాడు. ఆ ఆపరేషన్ తమ దగ్గర లేదు, విశాఖపట్నం వెళ్ళమన్నాడు.

సన్యాసయ్య ఆసక్తిగా విన్నాడు. "వాల్వే గదా బాబూ. పట్టేస్తే కొంచెం నూనేసి తిప్పితే వత్తాది."

"ఇది తిప్పితే రాదండీ" అన్నాడు డాక్టరు నవ్వి.

"అయితే మార్సాలి. నిజివే. పాతయి నాను కూడా మార్పించేసేవోణ్ణి."

బయటికి వచ్చాక హేమమాలిని మెట్ల మీద కూర్చుండిపోయింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చేసేదైతే ఏ కార్డూ అక్కర్లేదు. బయటి ఆసుపత్రిలో చేయించాలంటే కార్డు ఉండాలి. పింఛను ఉందని తండ్రికి రేషన్ కార్డు లేదు, రేషన్ కార్డు లేదు కనుక ఆరోగ్య కార్డూ లేదు. సొంతంగా చేయించగలిగే స్థితి వాళ్ళకు లేదు. అప్పుడే ఒడిశాలో కూడా కొత్తగా డెబ్భై ఏళ్ళు నిండినవాళ్ళకు వేరే కార్డు ఇస్తున్నారని ప్రసాద్ చెప్పాడు. ఆదాయంతో పని లేదట, వయసు ఒక్కటే చూస్తారట. ఆమె ప్రాణం లేచొచ్చింది. తండ్రికి డెబ్భై దాటి అప్పటికే రెండు మూడేళ్ళు.

రాయగడ బస్టాండు దగ్గర సేవా కేంద్రం నడిపే దేబాశిష్ ఒడియావాడైనా పుట్టి పెరిగింది తెలుగువాళ్ళ వీధి పక్కనే; సన్యాసయ్యను బాబాయి వరసన మౌసా అంటాడు. తల్లిదండ్రులనూ హేమమాలినినీ కూర్చోబెట్టి ఆధార్ నంబరు కొట్టాడు. తెర వంక చూసి పెదవి విరిచాడు.

"మౌసా, ఇంకా టైం ఉంది నీకు. అరవై తొమ్మిది చూపిస్తోంది. జూన్ ఒకటికి డెబ్భై నిండుతాయి."

"నాకు డెబ్బై దాటిపోనాయి బాబూ."

"నీ ముఖం చూస్తే నేను డెబ్భై ఐదు ఇస్తాను. మెషిన్ ముఖం చూసి వయసు చెప్పదు కదా. ఆధార్‌లో ఏ తారీఖు ఉంటే అదే."

హేమమాలిని కుర్చీ అంచుకు జరిగింది. ఆ తేదీ ఎవరిదో ఆ ముగ్గురికీ తెలుసు. దేబాశిష్‌కు చెప్పడానికి లేదు.

"పోనీ, జూన్‌లో వస్తే ఇస్తారా? రోగం ముందే ఉందంటే బీమా వాళ్ళు ఒప్పుకోరంట గదా?" అంది పాపాయమ్మ.

"ఒప్పుకుంటారు మౌసీ. ముందు నుంచి ఉన్న జబ్బయినా కార్డు వచ్చిన రోజు నుంచే పనికొస్తుంది. ఒక్క పైసా కట్టక్కర్లేదు. పింఛను ఉందా, పక్కా ఇల్లుందా, ఏదీ అడగరు. ఏడాదికి ఐదు లక్షల దాకా. నీకూ డెబ్భై నిండాయనుకో, ఆ ఐదు లక్షల్లోనే ఇద్దరూ వాడుకోవాలి. నీకు వేరే ఐదు రాదు."

"నాకింకా నాలుగైదేళ్ళుంది. అందాకా రోగాన్ని గుమ్మంలో కూకోబెట్టమంటావా?"

"కూర్చోబెట్టి చాయ్ ఇవ్వు మౌసీ." అతను నవ్వి హేమమాలిని వైపు తిరిగాడు. "దీదీ, ఒక మాట. ఏ ఆసుపత్రికి పడితే ఆ ఆసుపత్రికి వెళ్ళకూడదు. లిస్టులో ఉన్నదానికే వెళ్ళాలి. విశాఖపట్నంలోవీ ఉన్నాయి, రాష్ట్రం మారినా ఈ కార్డు చెల్లుతుంది. కాని ముందే ఫోన్ చేసి, ఈ కార్డు మీద ఈ ఆపరేషన్ చేస్తారా అని అడుగు. చేర్చుకున్నాక వాళ్ళే పైనుంచి అనుమతి తెప్పించుకుంటారు. అది రాకుండా బల్ల ఎక్కించరు."

"తేదీ తప్పు పడిందనుకో, దిద్దించుకోవచ్చా?" అడిగింది హేమమాలిని.

"పుట్టిన సర్టిఫికెట్ ఉంటే దిద్దుతారు. ఉందా?"

సన్యాసయ్య లేచి నిలబడ్డాడు. "ఒద్దమ్మి. జూన్‌లోనే వద్దాం."

దారిలో ఆమె మళ్ళీ ఎత్తింది. గుణుపూర్ వెళ్ళి పుట్టిన సర్టిఫికెట్ కోసం ప్రయత్నిద్దామంది. తండ్రి గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. "ఏటని దిద్దుతావు? పింఛను ఆడి పేరు, ఆధార్ ఆడి పేరు, కరెంటు బిల్లు ఆడి పేరు. సన్నాసిగాడనీవోడు యాడా నేడమ్మి. లేనోణ్ణి ఎలా ముసిలోణ్ణి సేత్తావు?"

*

ఆ ఎండాకాలం హేమమాలిని పుట్టింట్లోనే ఉండిపోయింది. మందులతో నెట్టుకు రమ్మని కొరాపుట్ డాక్టరు చెప్పాడు, కాని ఎక్కువ రోజులు ఆగొద్దని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఆమె తల్లికి చెప్పలేదు.

ఒకరోజు సందె వేళ తండ్రి అరుగు మీద కూర్చుని ఆమెను పిలిచాడు.

"అమ్మీ, మీ సిన్నాన్న అగుపించేడు."

"ఎక్కడ నాన్నా?"

"నాగావళి వంతెన కాడ. గొడుగట్టుకొని అటేపు పోతన్నాడు. జుత్తంతా నెరిసిపోనాది."

హేమమాలిని ఆయన పక్కన కూర్చుంది. "చిన్నాన్నకు పదహారేళ్ళు కదా నాన్నా."

"అప్పుడు పదారు. ఆ తరవాత నానే గదా ఆడికి ఏళ్ళు ఏసినాను! నాను పన్లోకెల్లినన్నాళ్ళూ ఆడు పెద్దోడైనాడు. పింఛను తీసుకుంటే ముసిలోడైనాడు." మెల్లిగా అన్నాడు. "ఆడికి ఆయాసం నేదు. ఎండలో నడిసినా రొప్పట్నేదు."

లోపలి నుంచి పాపాయమ్మ అరిచింది. "ఆ వంతెన కాడికి ఎందుకెల్లేవయ్యా? డాక్టరు నడవొద్దన్నాడు గదా. తమ్ముడంట తమ్ముడు. ఈసారి అగుపిత్తే ఓ కట్ట తోటకూర తెమ్మను."

తండ్రి నవ్వాడు. హేమమాలినికి నవ్వు రాలేదు. తల్లి కూడా నవ్వడం లేదని, గుమ్మం వైపు వీపు పెట్టి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుందని ఆమె చూసింది.

ఆ తర్వాత ఆయన తరచుగా చూసేవాడు. కూరగాయల బజారులో, స్టేషన్ మెట్ల మీద, పాత పంపుహౌస్ గేటు దగ్గర. ప్రతిసారీ తమ్ముడు అటువైపే నడుస్తున్నాడు, ఒక్కసారీ ఇటు తిరగలేదు. ఆయన పేరు పెట్టి పిలవలేదట. "పిలిస్తే ఎవులు పలకాలి?" అన్నాడు.

హేమమాలిని ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కుట్టు మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ ఆమె ఆ చిన్నాన్నతో మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్నాన్నా, బేగి నిండిపో. నీకు డెబ్భై నిండితే మా నాన్న బతుకుతాడు. చచ్చిపోయిన పిల్లవాణ్ణి ముసలివాడివి కమ్మని వేడుకుంటున్నానని ఆమెకు తెలుసు. తెలిసీ వేడుకుంది.

జూన్ వచ్చింది. దేబాశిష్ ఫోను తండ్రి ముఖానికి ఎదురుగా పట్టుకుని కళ్ళు ఆర్పమన్నాడు. తెర మీద గుండ్రని గీతలో తన ముఖం కనిపించగానే సన్యాసయ్య వేలు చూపించి, "అడుగో, ఆడే" అన్నాడు. దేబాశిష్‌కు అది అర్థం కాలేదు. "హోయిగలా మౌసా, అయిపోయింది" అని కార్డు చేతిలో పెట్టాడు. కార్డు మీద సన్యాసయ్య ఫోటో, మల్లేశు పేరు.

విశాఖపట్నం ఆసుపత్రికి హేమమాలిని ముందే ఫోన్ చేసి అన్నీ కనుక్కుంది. బయలుదేరే ముందు రోజు తండ్రి భార్యను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"పాపా, ఎల్లే ముందర ఆడికో ముద్దెట్టేసి ఎల్దావే. ఏటి ఒడ్డునెట్టేద్దాం. ఇన్నేళ్ళై ఆడు తిన్నేదు."

"నీకు మతుందేటి? రేపు ఆపరేసన్‌కి ఎల్తావు. ఆళ్ళు ఆ పేరే పిలుత్తారు. ఆ పేరుకి ఇయ్యాల పిండమెట్టి, రేపు బల్లెక్కుతావా?"

"మరెప్పుడు?"

"వచ్చేక. మంచిగా వచ్చేక పెద్దల అమాస్సకి ఆకేద్దాం. నానే వండుతాను."

ఆయన కూతురి వంక చూశాడు. హేమమాలిని కూడా, "వచ్చేక పెడదాం నాన్నా" అంది.

*

ఆసుపత్రిలో నర్సు వచ్చి, "మల్లేశు గారెవరండీ?" అంది. ఉద్యోగపు రోజుల్లో లాగా సన్యాసయ్య వెంటనే లేచాడు. అనుమతి వచ్చిందనీ, తెల్లారి తీసుకెళ్తామనీ చెప్పింది. ఎవరూ ఏ డబ్బూ అడగలేదు. దేబాశిష్ చెప్పినదంతా చెప్పినట్టే జరిగింది.

పొద్దున్న తోపుడు మంచం తలుపు దాకా వచ్చాక ఆయన హేమమాలిని చేయి పట్టుకున్నాడు. చేయి చల్లగా ఉంది.

"అమ్మీ, ఓపాలి నన్ను పేరెట్టి పిలు."

"నాన్నా."

"అది కాదు. పేరు. మా అమ్మ ఎట్టిన పేరు."

తండ్రిని పేరు పెట్టి పిలవడం ఆమె ఎరగదు. పైగా మంచం పక్కన నర్సు నిలబడి ఉంది. ఆయన మణికట్టుకు కట్టిన పట్టీ మీది పేరును చేతిలోని కాగితంతో సరిచూస్తోంది. "పేరు చెప్పండి తాతగారూ" అంది నర్సు.

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళతో బతిమాలింది.

"మల్లేశు" అన్నాడు ఆయన.

"వచ్చాక పిలుస్తాను నాన్నా" అంది హేమమాలిని. తలుపు మూసుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త వాల్వు శుభ్రంగా తెరుచుకుంటోందని డాక్టరు ఫోటో కూడా చూపించాడు. రెండో రోజు తల్లీకూతుళ్ళను లోపలికి పంపారు. సన్యాసయ్య దిండుకు ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. కుడిచేతికి సెలైను సూది ఉంది. ఎడమచేత్తో తింటున్నాడు. ఒక్క తునక పక్కన పడకుండా, పుట్టినప్పటి నుంచి అలవాటైనట్టు.

పాపాయమ్మ నవ్వుతూ దగ్గరికెళ్ళి ఆయన మూతి తుడవబోయింది. ఆయన మర్యాదగా వెనక్కి జరిగాడు.

"నాను తుడుసుకుంటాను వదినా. నువ్వు కూకో."

ఆమె చేయి గాలిలో ఆగిపోయింది. "ఏటయ్యా ఈ ఏళాకోళాలు?"

ఆయన ఆమెను కాసేపు పరిశీలనగా చూశాడు. "మా అన్నకి పెళ్ళైందని సెప్పేరు గాని, నిన్నెప్పుడూ సూడ్నేదు. మా అన్న ఏడీ?"

పెద్ద ఆపరేషన్ల తర్వాత పెద్దవయసు వాళ్ళలో ఇలా మతి తప్పడం మామూలేననీ, రోజులు గడిచేకొద్దీ సర్దుకుంటుందనీ డాక్టరు ధైర్యం చెప్పాడు. నర్సు సూదిని ఎడమచేతికి మార్చింది. ఆయన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, సూది ఉన్న ఎడమచేత్తోనే మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

కొంత సర్దుకుంది. రాయగడ వచ్చాక వీధులన్నీ గుర్తుపట్టాడు. ఏ సందులో ఏ వాల్వు ఉందో, ఏది ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ ఇంటివాళ్ళు నీళ్ళకోసం పోట్లాడేవాళ్ళో అన్నీ చెప్పాడు. జగ్గారావు మామ పేరు చెప్పాడు, ఆఫీసులో పెద్దగుమాస్తా తిట్లు చెప్పి నవ్వించాడు. ఖాకీ చొక్కా తొడుక్కున్న బతుకంతా ఆయనకు జ్ఞాపకం ఉంది. ఆ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాక జరిగినది ఏదీ లేదు. పెళ్ళి లేదు. హేమమాలిని పుట్టడం లేదు. ఆమెను భుజం మీద ఎక్కించుకుని రథయాత్ర చూపించడం లేదు.

"నువ్వు మా అన్న కూతురివి గదా, అమ్మీ?" అని అడిగాడు ఒకరోజు, ఎంతో ప్రేమగా.

"అవును" అంది ఆమె. ఆ వెంటనే, "అవును చిన్నాన్నా" అంది.

ఇప్పుడు ఆయనకు ఆయాసం లేదు. పాపాయమ్మ వంటింట్లో పడుకుంటుంది, ఆయన ముందు గదిలో. మరిది ఎదుట కూర్చోకూడదన్నట్టు ఆమె ఆయన వస్తే లేచి నిలబడుతోంది. కుళాయి దగ్గర ఇద్దరు మొగుళ్ళ మాట ఎత్తడం మానేసింది. ఒకసారి మాత్రం కూతురితో, "మంచోడే పాపం. మీ నాన్న కంటే నెమ్మదస్తుడు" అంది. తరవాత అన్నం గిన్నె దింపుతూ ఏడ్చింది.

సందె వేళ ఆయన అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూస్తాడు. లోపలికి రమ్మంటే రాడు.

"మా అన్న ఇక్కడే ఉండమన్నాడు. పడవోణ్ణి కేకేసుకొత్తానని ఎల్లేడు. వత్తాడు."

హేమమాలిని ఆయన పక్కన కూర్చుంటుంది. సన్యాసయ్య అని పిలుద్దామని నోటి దాకా వస్తుంది. పిలిస్తే ఈయన తల తిప్పి రోడ్డు మీద వెతుకుతాడు. అక్కడ ఎవరూ కనిపించకపోతే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ఎవరైనా కనిపిస్తే ఏం చెయ్యాలో అసలే తెలియదు.

కార్డు బీరువాలో ఉంది. ఏడాదికోసారి చూపించుకోవాలని డాక్టరు చెప్పాడు.

పెద్దల అమావాస్య నాడు పాపాయమ్మ అన్నట్టే వండింది. అత్తగారికీ మామగారికీ ఆకులు వేసింది. మూడో ఆకు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అరుగు మీద ఆయన ఆకలవుతోందన్నాడు. ఆమె ఆ ఆకులోనే ఆయనకు వడ్డించింది, ఆయన ఎడమచేత్తో కడుపునిండా తిన్నాడు.

మల్లేశుకు ముద్ద పెట్టలేదు. సన్యాసయ్యను ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.